బొటనవేలికి అందే దస్త్రం

కోయిలకుంట్ల చుట్టూ ఉన్న సుగాలి తండాల్లో, ఎరుకల వాడల్లో, అటు ఆళ్ళగడ్డ దాటి అహోబిలం అడవి అంచున ఉన్న చెంచు గూడేల్లో పుట్టి పెరిగినవాళ్ళం మేము. ఈ పుస్తకానికి వ్యాసాలు రాసేటప్పుడు మాలో ఎక్కువమంది ముందు బల్ల లేదు, కంప్యూటర్ లేదు. ఫోను ఉంది. శనగ చేలో పని ముగిశాక, బస్సు కోసం ఎదురుచూస్తూ, రాత్రి పిల్లలు పడుకున్నాక, బొటనవేలితో అక్షరం వెంట అక్షరం నొక్కి రాశాం. అందుకే ఈసారి మా పండగల గురించో, ఆచారాల గురించో కాకుండా ఆ ఫోను తెర గురించే రాయాలనిపించింది. చిన్న విషయంలా కనబడుతుంది గానీ, దాని లోపల మమ్మల్ని వదలని ప్రశ్న ఒకటి ఉంది. ఒక పనిముట్టును తయారు చేసేవాళ్ళు ఎవరి చేతిని తలచుకుని తయారు చేయాలి? ఆ చేతికి ఎంతవరకు పెత్తనం ఇవ్వాలి?

ముందు జరిగింది చెబుతాం.

మా తండాలో ఒక అవ్వ ఉంది. ఆమెకు ఎకరం చిల్లర డీ-పట్టా భూమి. రికార్డులో పేరు తప్పు పడింది. సరిచేయమని అర్జీ పెట్టుకోవాలి. టౌన్లో అర్జీ టైపు చేయించి, ఆ ఫైలు ఫోనుకు పంపించుకున్నాం. రాత్రి మనవరాలు చదివి వినిపిస్తుంటే అవ్వ తెర మీదికి వంగి చూసి, ఆ నంబరు మనది కాదే అంది. మేమెవరం గమనించలేదు. సర్వే నంబరులో చివర 6 ఉండాల్సిన చోట 9 పడింది. అవ్వకు అక్షరాలు రావు, అంకెలు వస్తాయి. బస్సు నంబరు, రూపాయి నోటు, రేషను తూకం, భూమి నంబరు ఆమె చదువుకోగలదు.

ఒక్క అంకె మార్చాలి. ఫోనులో ముందే ఉన్న యాప్ ఫైలును తెరిచి చూపిస్తుంది, మార్చనివ్వదు. మనవరాలు తెర మీద అక్కడా ఇక్కడా నొక్కి నొక్కి విసిగిపోయింది. అవ్వ అడిగింది.

"ఏమ్మే పాపా, ఈ ఫోను సూడనిస్తాదా, రాయనిస్తాదా?"

"సూసేదానికే అవ్వా ఇది. మార్సాలంటే మల్లా టౌనుకు పోవాల."

మర్నాడు ఇద్దరూ కూలి పోగొట్టుకుని, బస్సు ఛార్జీ పెట్టుకుని కోయిలకుంట్ల వెళ్ళి, ఆ అంకె మార్పించుకుని వచ్చారు. ఎవరూ మోసం చేయలేదు. ఎవరూ కసురుకోలేదు. అయినా అవ్వ వేసిన ప్రశ్న మాలో ఉండిపోయింది.

ఆ ప్రశ్న మాకు కొత్తది కాదు. కోయిలకుంట్ల అంటే బయటివాళ్ళకు ఉయ్యాలవాడ నరసింహారెడ్డి గుర్తొస్తారు. 1846లో ఆయన ఇక్కడి ఖజానా మీద దాడి చేయడం, 1847లో ఇంగ్లీషువాళ్ళు ఆయన్ని ఇక్కడే ఉరితీయడం చరిత్రకెక్కింది. మా పెద్దలకు మాత్రం కోయిలకుంట్ల అంటే కచేరీ. కాగితాలు ఉండే ఊరు. తాలూకా కచేరీలో కొన్ని కాగితాలు, ఊళ్ళో కరణం ఇంట్లో కొన్ని. కరణం దగ్గర గుడ్డలో చుట్టి ముడివేసిన కట్ట ఉండేది. దాన్నే దస్త్రం అనేవాళ్ళు. ఎవరి చేను ఎంత, ఎవరు సాగులో ఉన్నారు, ఎవరు శిస్తు బాకీ, అన్నీ అందులోనే. ఆ ముడి విప్పే చెయ్యి ఒక్కటే. మా తాతలు ఎదురుగా నిలబడి చూసేవాళ్ళు. చూడటం అని పేరే గానీ, చదవడం రానివాళ్ళకు చూసినా ఒకటే, చూడకపోయినా ఒకటే. చివర్లో సిరా దిండు ముందుకు జరిగేది. బొటనవేలు అద్దాలి. ఆ కాగితంలో మా వంతు అంతే.

ఎరుకల వాళ్ళకు ఇంకా చేదు జ్ఞాపకం ఉంది. 1871లో మొదలైన నేరస్థ జాతుల చట్టాన్ని 1911 తర్వాత మద్రాసు రాష్ట్రంలోనూ అమలు చేసి, పుట్టిన కులాన్ని బట్టి మనుషులను పోలీసు రిజిస్టరులో ఎక్కించారు. వేలిముద్రలు తీసుకున్నారు. 1952లో ఆ చట్టం రద్దయింది. అంతవరకు రాసేవాళ్ళు వేరు, రాయబడేవాళ్ళు వేరు. మా బొటనవేలికి, కాగితానికి ఉన్న పాత చుట్టరికం ఇది.

1984లో రాష్ట్ర ప్రభుత్వం కరణం పదవులు రద్దు చేసింది. ఆ మాట మాత్రం పోలేదు. కంప్యూటర్ తెలుగులో ఫైలుకు దస్త్రం అని పేరు పెట్టారు. మాలో ఒకరు మొదటిసారి ఫోను తెర మీద ఆ మాట చూసి నవ్వారు. కరణం కట్ట విప్పే వేలు ఇప్పుడు నాదేనా అన్నారు. నిజంగా అవుతుందా అన్నదే ఈ వ్యాసం.

ఆఫీసు సాఫ్ట్‌వేర్ అంటే ఉత్తరాలు రాసేది, లెక్కల పట్టికలు వేసేది, సభలో చూపించే బొమ్మల పలకలు తయారు చేసేది, అన్నీ కలిసిన మూట. అందులో డబ్బు కట్టక్కర్లేని, లోపలి కోడ్ కూడా అందరికీ తెరిచి ఉన్న పెద్ద సాఫ్ట్‌వేర్ లిబ్రెఆఫీస్. దాని మూలం జర్మనీలోని లూనెబుర్గ్ పట్టణంలో 1985లో మొదలైన స్టార్ డివిజన్ అనే చిన్న కంపెనీలో ఉంది. వాళ్ళ స్టార్ ఆఫీస్‌ను 1999లో అమెరికాలోని సన్ మైక్రోసిస్టమ్స్ కొన్నది. 2000లో దాని కోడ్‌ను బయటపెట్టింది. 2010లో సన్ సంస్థ ఒరాకిల్ చేతికి పోయాక, పని చేస్తున్న వాళ్ళలో చాలామంది విడిపోయి, ఆ ఏడాది సెప్టెంబరులో డాక్యుమెంట్ ఫౌండేషన్ పేరుతో ఒక గూటికి చేరి, లిబ్రెఆఫీస్ అని కొత్త పేరు పెట్టుకున్నారు. ఎవరి సొత్తూ కాకుండా అందరి చేతిలో ఉండాలన్నది వాళ్ళ పట్టుదల. ఊరుమ్మడి చెరువు ఎవరో ఒకరి పేరున పట్టా అయిపోతుందేమోనని ఊరు మేల్కొన్నట్టు అనుకోండి.

ఇక్కడొక చిక్కు ఉంది. ఆ సాఫ్ట్‌వేర్ పుట్టింది బల్ల మీది కంప్యూటర్ కోసం. పెద్ద తెర, కింద కీబోర్డు, పక్కన మౌస్. పైన వరసగా మెనూలు, ఒక్కో మెనూ లాగితే పదుల కొద్దీ ఆదేశాలు. దాన్ని అరచేతిలో పట్టే తెర మీదికి తేవాలి. ఉన్నదంతా కుదించి పెడితే గుండీ చీమతలంత అవుతుంది. ఆండ్రాయిడ్ తయారీదార్లు చెప్పే లెక్క ప్రకారం, వేలికి తప్పు లేకుండా తగలాలంటే ఒక గుండీ కనీసం 9 మిల్లీమీటర్ల మేర ఉండాలి. రాయడానికి కీబోర్డు పైకి లేస్తే తెరలో దాదాపు సగం అదే మింగేస్తుంది. మిగిలిన సగంలో రాసింది కనిపించాలి, గుండీలు కనిపించాలి. అంటే కొన్ని దాచక తప్పదు. ఏవి దాచాలి? నీతి ప్రశ్న ఇక్కడ మొదలవుతుంది.

మొదట వాళ్ళు చేసింది చూడండి. 2015లో ఆండ్రాయిడ్ ఫోన్లకు లిబ్రెఆఫీస్ వ్యూయర్ వచ్చింది. పేరులోనే ఉంది, అది చూడటానికి. దిద్దే సౌకర్యం ఉన్నా అది ప్రయోగదశలోనే ఉంది. వాళ్ళను తప్పుపట్టం. ఫైలును సరిగ్గా తెరవడమే ఎంతో పని. కానీ ఏది ముందు, ఏది తర్వాత అన్న వరసలో మనుషుల తీరు కనబడుతుంది. ఎక్కడైనా ముందు చూడటం వస్తుంది, రాయడం ఆలస్యంగా వస్తుంది. బడిలోనూ అంతే, కచేరీలోనూ అంతే.

తర్వాత, ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో ఉన్న కొలాబొరా అనే సంస్థ, లిబ్రెఆఫీస్ కోడ్‌తోనే తయారు చేసిన ఆఫీసు యాప్‌ను 2020లో ఫోన్లకు తెచ్చింది. ఇందులో లిబ్రెఆఫీస్ గుండెకాయ మొత్తం ఫోను లోపలే ఉంటుంది. సిగ్నల్ లేకపోయినా ఫైలు తెరుచుకుంటుంది, దిద్దుకోవచ్చు. సిగ్నల్ కోసం ఇంటి మిద్దె ఎక్కే మాలాంటివాళ్ళకు ఇది పెద్ద మేలు. దాని తెరను మలచిన పద్ధతి కూడా చెప్పుకోదగ్గది. ఫైలు తెరవగానే చదివే స్థితిలో ఉంటుంది. కింద మూలన పెన్సిలు బొమ్మ ఉన్న గుండీ ఒకటి. అది నొక్కితే రాసే స్థితికి మారుతుంది. కంప్యూటర్‌లో పక్క పట్టీలో ఉండే రకరకాల సదుపాయాలను, ఫోనులో కింది నుంచి లేచే ఒక పలకగా మార్చారు. అందులో ముందు శీర్షికలు మాత్రం కనిపిస్తాయి. ఒకటి నొక్కితే దాని లోపలివి తెరుచుకుంటాయి. వెనక్కి రావచ్చు. అవసరం లేనప్పుడు పలక కిందికి దిగిపోతుంది.

ఈ పెన్సిలు గురించి మేము చాలాసేపు వాదించుకున్నాం. మాలో ఒకరు, నేరుగా రాయనివ్వకుండా ఈ అడ్డం ఎందుకు అన్నారు. ఇంకొకరు, మా అమ్మ ఫోను తీసి జాకెట్లో పెట్టుకుంటుంది, వేలు తగిలి పట్టా కాగితంలో అక్షరం చెరిగిపోతే ఎవరు జవాబుదారీ అన్నారు. రెండో మాటే సరి అనిపించింది. పెన్సిలు అడ్డుగోడ కాదు, గడప లాంటిది. లోపలికి వస్తావా అని అడుగుతుంది, వస్తానంటే రానిస్తుంది. అవ్వ చూసిన యాప్‌లో గడపే లేదు, గోడ ఉంది. పైపైన చూస్తే రెండూ ఒకటే, రెండింటిలోనూ తెర శుభ్రంగా ఉంది, గుండీలు తక్కువ. తేడా అంతా దాచినదాన్ని మనిషి తీసుకోగలడా లేదా అన్నదాంట్లో ఉంది.

దీన్ని మా సుగాలి పెద్దల బతుకుతో పోల్చుకుంటే మాకు బాగా అర్థమైంది. వాళ్ళు లదేణి నడిపిన కాలంలో ఎద్దుల మీద గోనెలు వేసుకుని ఉప్పు, ధాన్యం దేశాల వెంట తిప్పేవాళ్ళు. ఇల్లు ఎద్దు వీపు మీదే. ఎద్దు వీపు చిన్నది, సంసారం పెద్దది. దారిలో ముందు అవసరమయ్యేవి పైన పెట్టాలి, విడిదికి చేరాక వాడేవి అడుగున పెట్టాలి. అడుగున పెట్టింది పారేసినట్టు కాదు. ఏది ఏ గోనెలో ఉందో ఇంట్లో ఆడవాళ్ళకు చీకట్లో కూడా తెలుసు. రెండు వైపులా బరువు సమానంగా లేకపోతే ఎద్దు నడవదు. చిన్న తెర మీద పెద్ద సాఫ్ట్‌వేర్ సర్దడం ఇలాంటి పనే. దీని నుంచి మేము ఒక కొలత తీసుకున్నాం. అడుగున పెట్టడం న్యాయమే, ఆ మనిషి అడిగినప్పుడు చేతికి వచ్చేటట్టయితే. నీకిది అక్కర్లేదులే అని చెప్పకుండా దారిలో దింపేసి రావడం అన్యాయం.

దాచేవాళ్ళు రెండు రకాలు. ఒకరు, ఈ మనిషికి ఇప్పుడు దారి కనబడాలి, మిగతావి తర్వాత అనుకుంటారు. ఇంకొకరు, వీళ్ళకు ఇంత చాలు అనుకుంటారు. ఈ రెండో మాట మేము బాగా ఎరుగుదుం. తండా బడికి ఒక్క పంతులు చాలు, గూడేనికి ఒక్క బోరింగు చాలు, వీళ్ళకు చూసే ఫోను చాలు. ఇది దయ వేషంలో వస్తుంది కాబట్టి ఎదురు చెప్పడం కష్టం. చదువు రానివాళ్ళకు సులువుగా చేశాం కదా అంటారు. అక్షరాలు రాని మా అవ్వే అందరికంటే ముందు తప్పు పట్టుకుంది. ఆమెకు ఏం వచ్చో అడగకుండా, ఏం రాదో మేమూ అనుకున్నాం, యాప్ చేసినవాళ్ళూ అనుకున్నారు.

తెర మలిచేవాళ్ళ మనసులో ఉండే మనిషి ఎవరన్నది చిన్న చిన్న వాటిలో బయటపడుతుంది. అలాంటివి కొన్ని చెబుతాం.

మొదటిది మా లిపి. ఇంగ్లీషు అక్షరాలు ఒక వరసలో కూర్చుంటాయి. తెలుగు అక్షరానికి పైన గుడి, దీర్ఘం, కింద వత్తు. 'రాష్ట్రం' అనే మాటలో కింద రెండు వత్తులు ఉంటాయి. ఇంగ్లీషు కొలతతో గీసిన గుండీలోనో, పట్టిక గడిలోనో తెలుగు పెడితే కింది వత్తు తెగిపోతుంది. వత్తు తెగితే 'పత్తి' కాస్తా 'పతి' అవుతుంది. మా పంటల పట్టికలో ఎన్ని ఎకరాల పతి అని కనబడితే నవ్వొస్తుంది, కచేరీలో అయితే నవ్వు రాదు. ఇంకా ఉంది. 'స్త్రీ' అన్నది కంటికి ఒక్క అక్షరం. యూనికోడ్ లెక్కలో అది ఆరు ముక్కలు. వెనక్కి చెరిపే గుండీ ఒకసారి నొక్కితే దీర్ఘం మాత్రం పోయి మిగతాది ఉంటుంది. కొత్తగా రాసేవాళ్ళు తామే తప్పు చేశామనుకుని మొత్తం చెరిపేస్తారు. తప్పు వాళ్ళది కాదని చెప్పేవాళ్ళు ఉండరు.

రెండోది బొమ్మలు. చాలా ఆఫీసు సాఫ్ట్‌వేర్లలో ఫైలు దాచుకోవడానికి ఫ్లాపీ బొమ్మ పెట్టారు. ఫ్లాపీని మా పిల్లలు చూడలేదు, మా పెద్దలూ చూడలేదు. మధ్యలో కొన్నేళ్ళు కంప్యూటర్ ముందు కూర్చున్నవాళ్ళకే అది తెలుసు. పెన్సిలు అలా కాదు. ఒక్క ఏడాది బడికి పోయినవాళ్ళకు కూడా పెన్సిలు తెలుసు. బొమ్మ పక్కన మాట కూడా ఉంటే ఇంకా మేలు. ఆ మాట కూడా నోట్లో తిరిగేదిగా ఉండాలి. 'భద్రపరచు' కంటే 'దాచు' మాకు దగ్గర.

మూడోది ఒక ఫోనుకు ఒకే మనిషి అన్న ఊహ. మా ఇళ్ళల్లో ఒక ఫోనుకు నలుగురు. పొద్దున నాన్నతో చేనుకు పోతుంది, సాయంత్రం పిల్లల చదువుకు, రాత్రి అమ్మ తమ్ముడితో మాట్లాడటానికి. మిరప కోతలకు గుంటూరు వైపు వలస పోతే ఫోను వాళ్ళతోనే పోతుంది. యాప్ తెరవగానే ఈమధ్య చూసిన ఫైళ్ళన్నీ వరసగా పరిచి పెడితే, హాస్టలు సీటుకు పెట్టిన అర్జీతోపాటు, అత్తింటి మీద కూతురు రాసుకున్న ఫిర్యాదు కూడా అందరికీ కనబడుతుంది. సౌకర్యం కోసమని పెట్టిన ఆ జాబితా, ఆ పిల్ల గుట్టును ఇంటి మధ్యలో పరిచినట్టవుతుంది. ఎవరి ఇల్లు తలచుకుని ఆ తెర గీశారో ఇక్కడ తెలుస్తుంది.

నాలుగోది నోటితో రాయడం. ఫోనుకు తెలుగులో చెబితే అక్షరాలుగా మారుతుంది. అవ్వలాంటివాళ్ళకు అది గొప్ప తలుపు. కానీ అవ్వ మాట్లాడేది గోర్ బోలి. ఆమె తన మాటలో చెబితే ఫోను దాన్ని తెలుగని భ్రమపడి ఏవేవో మాటలు పేర్చి పెడుతుంది. మా భాషకు సొంత లిపి లేదు. ఆంధ్ర, తెలంగాణల్లో తెలుగు లిపిలో, మహారాష్ట్రలో దేవనాగరిలో, కర్ణాటకలో కన్నడంలో రాసుకుంటాం. ఒకే తల్లి బిడ్డలం ఒకరు రాసింది ఒకరు చదవలేని స్థితి. దీనికి జవాబు ఏ ఒక్క యాప్‌లోనూ లేదు. తెర గీసేవాళ్ళకు మేము ఉన్నామని తెలియడం దానికి మొదటి మెట్టు.

ఇక్కడ మాకు ఎదురయ్యే మాటలు రెండున్నాయి. రెండింటికీ జవాబు చెప్పాలి.

ఒకటి: వాళ్ళు ఊరికే ఇస్తున్నారు కదా, ఊరికే ఇచ్చినదాంట్లో తప్పులెంచడం మర్యాదా? ఈ మాటలో నిజం లేకపోలేదు. ఉద్యోగం చేసుకుంటూ, రాత్రిళ్ళు కూర్చుని కోడ్ రాసేవాళ్ళు అందులో ఉన్నారు. వాళ్ళు మాకు బాకీ లేరు. కానీ ఒక ఊళ్ళో చందాలేసి బావి తవ్వారనుకోండి. ఇది అందరిదీ అని పలక కట్టారు. మెట్లు మాత్రం పొడవాటి కాళ్ళవాళ్ళకే అందేలా కట్టారు. తవ్వినవాళ్ళకు దణ్ణం పెట్టాల్సిందే. అందరిదీ అన్న మాట మాత్రం అప్పటికి ఇంకా నిజం కాలేదు. అది చెప్పడం నిష్ఠూరం కాదు. వాళ్ళు రాసుకున్న మాటనే వాళ్ళకు గుర్తు చేయడం.

రెండు: పెద్ద పనులకు ఫోను దేనికి, కంప్యూటర్ సెంటరుకు పోవచ్చు కదా? పోవచ్చు. పట్నంలో ఫోను రెండో యంత్రం. ఇంట్లో కంప్యూటర్ ఉంది, బస్సులో ఉన్నప్పుడు ఫోను. తండాలో ఫోనే మొదటి యంత్రం, చివరి యంత్రం కూడా అదే. ఫోనులో సగం సాఫ్ట్‌వేర్ ఇస్తే పట్నంవాడికి మిగతా సగం ఇంట్లో దొరుకుతుంది. మాకు మిగతా సగం ఒక రోజు కూలి.

ఇందుకే హక్కు వేరు, చేతికి అందడం వేరు అని మేమంటున్నాం. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమాన్ని 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ మొదలుపెట్టారు. ఆ ఉద్యమం నాలుగు స్వేచ్ఛలు చెబుతుంది. ఎందుకైనా వాడుకోవచ్చు, లోపల చూసి మార్చుకోవచ్చు, పంచిపెట్టొచ్చు, మార్చినదాన్ని కూడా పంచిపెట్టొచ్చు. నాలుగూ గొప్పవే. కానీ ఇవి కాగితం మీది హక్కులు. అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది, 2008లో నిబంధనలు వచ్చాయి. అడవిలో తరతరాలుగా ఉన్నవాడికి హక్కు ఉందని చట్టం ఒప్పుకుంది. నల్లమలలో ఉన్న చెంచు మనిషి ఆ హక్కు అందుకోవాలంటే ఒక ఫారం నింపాలి, సాక్ష్యాలు జతచేయాలి, గ్రామసభలో పెట్టాలి. ఆ ఫారం ముందు మా వాళ్ళు ఎన్నాళ్ళు నిలబడిపోయారో మాకు తెలుసు. హక్కుకు, మనిషికి మధ్య ఎప్పుడూ ఒక కాగితం ఉంటుంది, ఇప్పుడు ఒక తెర ఉంటుంది. ఆ తెరను గీసేవాళ్ళు బొమ్మల పని చేస్తున్నామనుకోకూడదు. చట్టం రాసేవాళ్ళతో పాటు వాళ్ళకూ బాధ్యత ఉంది.

ఇంతవరకు వేలు బయటివాళ్ళ వైపే చూపించాం. ఇప్పుడు మా వైపు తిప్పుకోవాలి. ఈ భాగం రాయాలా వద్దా అని మాలో మేము తర్జనభర్జన పడ్డాం.

తండాలో నాలుగు అక్షరాలు వచ్చినవాళ్ళం మేము. అర్జీలు మేమే నింపుతాం. ఓటీపీ మా ఫోనుకే వస్తుంది. ఎవరి ఆధార్ నంబరు ఎంతో మా దగ్గరే ఉంటుంది. అవ్వ తన మాటల్లో అరగంట చెప్పిన బాధను మేము ఐదు వరసలకు కుదిస్తాం. ఏది రాయాలో, ఏది వదలాలో మేమే తేలుస్తాం. మంచి మనసుతోనే చేస్తాం. చాలామంది కరణాలు కూడా మంచి మనసుతోనే చేసి ఉంటారు. ముడి విప్పే చెయ్యి మారిందేమో గానీ, ఒక్క చెయ్యే విప్పాలన్న పద్ధతి మారిందా? మేమే కొత్త కరణాలం అవుతున్నామా?

తెర బాగా మలిస్తే అవ్వకు మా అవసరం తగ్గుతుంది. నిజం చెప్పాలంటే అది మాకు కొంత నష్టమే. తండాలో మా మాటకు ఉన్న విలువ కొంత ఆ ఫారాల వల్లే వచ్చింది. మధ్యలో నిలబడే మనిషి అవసరం ఎంత తగ్గితే ఆ పనిముట్టు అంత మంచిదని మేము నమ్ముతున్నాం. ఆ కొలత మొదట మమ్మల్నే తాకుతుంది. తాకనివ్వాలి.

తెరిచి ఉన్న సాఫ్ట్‌వేర్‌లో మాకొక దారి ఉంది, మూసిన వాటిలో అది లేదు. లిబ్రెఆఫీస్ తెలుగులో ఉందంటే ఎవరో తెలుగువాళ్ళు కూర్చుని మాట మాటకూ తెలుగు వెతికి పెట్టారు కాబట్టే. హైదరాబాద్‌లో స్వేచ్ఛ అనే సంస్థ వాళ్ళు తెలుగులో నడిచే ఆపరేటింగ్ సిస్టమ్ తయారు చేశారు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన, వేమన అనే ఖతులు చేసి అందరికీ ఊరికే ఇచ్చారు. వాళ్ళెవరూ పిలుపు కోసం ఆగలేదు. తప్పు కనబడితే చెప్పే వీలు అక్కడ ఎవరికైనా ఉంటుంది. వత్తు తెగిందని, ఒకే ఫోను నలుగురు వాడతారని, 'దాచు' అంటే మాకు తెలుస్తుందని మేము చెప్పకపోతే బెర్లిన్‌లోనో కేంబ్రిడ్జిలోనో ఉన్న మనిషికి ఎలా తెలుస్తుంది? ఇన్నాళ్ళు మా గురించి వేరేవాళ్ళు రాశారని బాధపడ్డాం. ఇక్కడ మేమే రాసే వీలుంది. రాయకపోతే ఆ బాధలో కొంత భాగం మాదే అవుతుంది. ఇంగ్లీషు సరిగా రాకపోయినా ఒక ఫోటో తీసి, తెగిన వత్తు మీద గీత గీసి పంపొచ్చు. మాలో ఇద్దరు ఆ పని మొదలుపెట్టారు.

చివరగా అవ్వ సంగతి.

నెల తర్వాత ఇంకో అర్జీ వచ్చింది, పింఛను గురించి. ఈసారి మనవరాలి ఫోనులో, దిద్దడానికి వీలున్న ఉచిత యాప్ ఎక్కించాం. పుట్టిన ఏడాదిలో అంకె తప్పుంది. అవ్వే మళ్ళీ పట్టుకుంది. మనవరాలు దిద్దబోతే ఒకరం ఆపాం. అవ్వనే నొక్కమన్నాం. ఆమె పెన్సిలు బొమ్మ చూసి, ఇది రాసేదే కదా అని నొక్కింది. మనవరాలు రెండు వేళ్ళతో అక్షరాలు పెద్దవి చేసి, తప్పు అంకె పక్కన గీత నిలిపింది. అవ్వ వేలు పత్తి ఏరి ఏరి గరుకుబారింది. ఆ వేలు తెర మీద సరిగ్గా పలకదు. రేషను మిషను మీద కూడా అంతే, రెండు మూడుసార్లు పెట్టాలి. మొదటిసారి తగల్లేదు. రెండోసారి పక్క అంకె చెరిగింది. మేము చెయ్యి సాచబోయి వెనక్కి తీసుకున్నాం. మూడోసారి తప్పు అంకె పోయింది, సరైనది పడింది.

అవ్వ ఏమీ అనలేదు. ఆ బొటనవేలిని చీర కొంగుకు తుడుచుకుంది. సిరా అంటినప్పుడు తుడుచుకునే అలవాటు అది. వేలికి ఏమీ లేదని చూసుకుని నవ్వింది.